హుండీ గలగల గుర్రానికి పడదు

ప్రశ్న: ముసలి గుర్రాలను సాకే సంస్థ కోసం స్వారీ పోటీల్లో విరాళాలు సేకరించాలనుకుంటున్నాం. డబ్బాలు పట్టుకుని జనంలో తిరిగితే చాలా?

జవాబు: తిరగడం కన్నా ఒకచోట బల్ల వేసుకోవడం మేలు. ముందు నిర్వాహకుల దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఎక్కడ కూర్చోవాలో, ఏ వేళల్లో అడగవచ్చో అందులో ఉండాలి. లోపలికొచ్చే గేటు దగ్గర టికెట్ల హడావిడిలో ఎవరూ ఆగరు. తినుబండారాల కొట్ల పక్కనో, బయటికెళ్లే దారిలోనో కూర్చోండి. వార్మప్ రింగుకు, అంటే పోటీకి ముందు గుర్రాలను కదిలించి సిద్ధం చేసే ఆవరణకు, గుర్రాలు నడిచే దారికి మాత్రం దూరం. రేకు డబ్బాలో చిల్లర గలగలలాడినా, ఫ్లెక్సీ అంచు గాలికి టపటప కొట్టుకున్నా బెదిరే గుర్రాలుంటాయి. రౌతు కింద పడ్డాడంటే ఆ రోజుకు మీ బల్ల ఎత్తేసినట్టే. ప్లాస్టిక్ బకెట్టు వాడి, అడుగున మందపాటి గుడ్డ పరవండి. ఫ్లెక్సీని మూలల్లోనే కాదు, మధ్యలోనూ కట్టండి. బెలూన్లు వద్దే వద్దు.

ఇక అడిగే తీరు. ‘గుర్రాలను కాపాడండి’ అని రాసిపెడితే ఎవరి చెయ్యీ జేబులోకి పోదు. 500 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 8 నుంచి 10 కిలోల ఎండుగడ్డి కావాలి. అంత గడ్డీ మోపు కట్టి బల్ల పక్కన పెట్టి, దాని ధర అట్టముక్క మీద రాయండి. ‘ఇదంతా ఒక్కరోజుకేనా?’ అని అడిగినవాళ్లతో మాట కలపండి. పని మానేసిన గుర్రానికి కూడా 6-8 వారాలకోసారి గిట్టలు చెక్కించాలని అప్పుడు చెప్పండి, చెవికెక్కుతుంది. గుర్రాల గిట్టలకు కొట్టిన పాత నాడాలు అమ్మకానికి పెట్టొచ్చు. విరిగిన మేకుముక్కలు పట్టకారుతో లాగేసి, తుప్పు వైరు బ్రష్షుతో గీకాకే.

ప్రశ్న: డబ్బులు తీసుకుని పిల్లల చేత గుర్రాలకు క్యారెట్లు తినిపించవచ్చా?

జవాబు: వద్దు. పోటీ గుర్రం ఏం తినాలో చెప్పాల్సింది యజమాని. గుండ్రటి ముక్కలు గొంతుకు అడ్డం పడతాయి, పిల్లల వేళ్లకూ ప్రమాదమే. యజమాని ఒప్పుకుంటే పొడవుగా చీల్చిన ముక్కలు బకెట్లో వేయించండి, చేత్తో పెట్టనివ్వకండి.

ప్రశ్న: లెక్క విషయంలో మాట రాకుండా ఏం చేయాలి?

జవాబు: ప్రతి డబ్బాకూ నంబరున్న సీలు వేసి, ఏ డబ్బా ఎవరికిచ్చారో రాసుకోండి. విప్పేటప్పుడు, లెక్కపెట్టేటప్పుడు ఇద్దరుండాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. టీ ఖర్చులు కూడా అందులోంచి తీయొద్దు. మీ క్యూఆర్ కోడ్ మీద ఇంకొకరి స్టిక్కర్ అతికే మోసం ఉంది. గంటకోసారి మీరే స్కాన్ చేసి ఖాతా పేరు చూసుకోండి. లక్కీ డ్రాకు చాలాచోట్ల ప్రత్యేక అనుమతి కావాలి, అది చేతికొచ్చేదాకా టికెట్లు అచ్చు వేయించకండి.