శ్రీకాకుళం జిల్లా కవిటిలో క్రియాటినిన్ పరీక్షకు (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) జనం రావడం లేదన్న ప్రశ్నకు

చెల్లెమ్మా, ‘ఉద్దానం నీళ్లే విషం’ అని పోస్టర్ వేశాక వచ్చేవాళ్లు కూడా ఆగిపోయారని రాశావు. ముందు ఆ పోస్టర్ తీసెయ్. ఇక్కడి, అంటే ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రం ఇంకా తేల్చలేదు. తేలనిదాన్ని తేలినట్టు చెబితే రేపు నిజం చెప్పినా నమ్మరు. పైగా భయపెట్టి దారి చూపకపోతే మనిషి ముఖం చాటేస్తాడు.

తెలిసింది, తెలియంది విడివిడిగా చెప్పు. మొదట్లో ఈ జబ్బు పైకి కనిపించదు, రక్తం, మూత్రం పరీక్షల్లోనే బయటపడుతుంది. జీడితోట పని నుంచి వచ్చి ఒళ్లునొప్పులకని రోజూ కొట్లో కొని మింగే బిళ్లలు కిడ్నీకి చేటు. ఆ బిళ్లల అట్టనే చేత్తో పట్టుకుని చూపించు. ‘ఇంత శాతం’ అనకు, ‘వందమందిలో ఇంతమంది’ అను. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, ప్రతిదానికీ విశాఖ పరుగెత్తనక్కర్లేదని చెప్పు. డయాలసిస్‌లో ఉన్నవాళ్ల ఇంటి ముందు మాత్రం మైకు పెట్టకు.