ఎయిర్ రైఫిల్‌కి కొత్త చెక్క స్టాక్: చెన్నైలో ఉన్న అల్లుడికి మామయ్య ఉత్తరం

చిరంజీవి అల్లుడికి, బెంగళూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

రైఫిల్ కిందపడి స్టాక్, అంటే ఇనుమును మోసే చెక్క భాగం, సన్నటి మెడ దగ్గర విరిగిందనీ, కొత్తది నువ్వే చేసుకుంటానంటున్నావనీ అక్కయ్య ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఫౌండ్రీకి చెక్క ప్యాటర్న్‌లు, అంటే పోతపోయడానికి కావలసిన చెక్క నమూనాలు, చేసే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది కదా, తెలిసింది రాస్తున్నాను. నీది పాయింట్ 177 (అంగుళాల్లో గొట్టం రంధ్రం కొలత) స్ప్రింగ్ రైఫిల్, స్ప్రింగ్ తోసే గాలితో చిన్న గుండుని, అంటే పెల్లెట్‌ని, కొట్టేది కాబట్టి ఇంట్లో చేసుకోవచ్చు. తూటా పేలే తుపాకీ అయితే మాత్రం వద్దనేవాణ్ణి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆ రిపేరు లైసెన్సున్నవాళ్ల పని.

స్టాక్ విప్పేముందు లోపల పెల్లెట్ లేదనీ, స్ప్రింగ్ ఎక్కుపెట్టి లేదనీ రెండుసార్లు చూసుకో. సిలిండర్, అంటే స్ప్రింగ్ ఉండే ఇనుప గొట్టం, దాని వెనక మూత జోలికి అసలు పోకు. ఎక్కుపెట్టకపోయినా స్ప్రింగ్ లోపల నొక్కుకునే ఉంటుంది. స్టాక్ లేకుండా రైఫిల్ పేల్చకు.

చెక్క విషయానికొస్తే, వాల్‌నట్ దొరికితే దానికి మించింది లేదు. రోజ్‌వుడ్ అందంగా ఉంటుంది గానీ బరువెక్కువ, నీ భుజానికి వద్దు. నన్నడిగితే పాత ఇల్లు పడగొట్టినచోట టేకు దూలం ముక్క కొనుక్కో. ఏళ్ల తరబడి ఆరి ఉంటుంది, చెమ్మకి పెద్దగా కదలదు. ఉలి పదును మాత్రం త్వరగా పోతుంది, నూరుతూ ఉండాలి. చెక్క గీతలు మెడ పొడవునా సాగేలా చూసి గీసుకో. అక్కడ గీతలు అడ్డంగా తెగితే మళ్లీ అక్కడే విరుగుతుంది.

ఇక అసలు పని ఇనుము కూర్చునే గాడి. దీనికి కాటుక కావాలి. కాటుకలో రెండు చుక్కల ఆముదం కలిపి సిలిండర్ అడుగున పలచగా రాయి. గాడిలో పెట్టి నొక్కి తియ్యి. నల్లగా అంటినచోట మాత్రమే ఉలితో గీకు, మళ్లీ పెట్టి చూడు. ఇలా వందసార్లయినా చెయ్యాల్సి రావచ్చు. ఒక ఆదివారంలో అయిపోవాలనుకోకు, తీసిన చెక్కని మళ్లీ అతికించలేం. స్క్రూలు బిగిసే మూడుచోట్లా కాటుక సమంగా అంటాలి. ఎక్కుపెట్టేటప్పుడు కింద కదిలే లివరుకి రెండువైపులా ఖాళీ ఉండాలి, చెక్కని ఎక్కడా రాసుకోకూడదు.

సిలిండర్ వెనక కొసకీ చెక్కకీ మధ్య ఒక పోస్టుకార్డు మందం వదులు. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. ఒకసారి ఏప్రిల్ ఎండల్లో ఇక్కడ ఒక స్టాక్ చేసి మీ చెన్నైలోనే పెరంబూరులో ఉన్న స్నేహితుడికి పంపాను. కాగితం కూడా దూరనంత బిగువుగా కుదిరిందని గర్వపడ్డాను. నవంబరు వానలకి చెక్క ఉబ్బి ఇనుమును పట్టేసింది. పేల్చిన ప్రతిసారీ సిలిండర్ మేకులా వెనక్కి కొట్టి మెడలో పగులు తెచ్చింది. బెంగళూరు గాలి వేరు, మీ సముద్రపు గాలి వేరు. అందుకే చెక్క కొన్నాక కనీసం నెల రోజులు మీ ఇంట్లోనే ఉంచి, ఆ తర్వాతే ఉలి పట్టు.

స్టాక్ వెనకభాగం పొడవు, అంటే ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే కొస దాకా, నీ చేతికి సరిపోవాలి. మోచెయ్యి మడిచి, మడత నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా కొలుచుకో. మొదట కాస్త పొడుగే ఉంచు, కోయడం ఎప్పుడైనా కోయొచ్చు.

పైన మెరుగుకి అవిసె నూనె చాలు, బాయిల్డ్ అని అడిగి కొను. పలచగా రాసి, అరగంటాగి మిగిలింది తుడిచెయ్యి. వానల్లో ఒక్కో పూతకి రెండు మూడు రోజులు పట్టినా కంగారుపడకు. గాడి లోపల, స్క్రూ రంధ్రాల్లో కూడా రాయి, చెమ్మ దూరేది అక్కడినుంచే. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకు అల్లుడూ. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి దండెం మీద ఆరేయి.

స్ప్రింగ్ రైఫిల్ ముందు వెనక్కి తన్ని, వెంటనే ముందుకి గుంజుతుంది, అందుకే స్క్రూలు వదులవుతాయి. తలల కింద వాషర్లు వెయ్యి. మొదటి యాభై పెల్లెట్ల తర్వాత ఒకసారి బిగించు, బలం కొద్దీ తిప్పకు, చెక్క నలుగుతుంది.

విరిగిన స్టాక్ పారెయ్యలేదు కదా? రెండు ముక్కలూ అతికించి పెట్టుకో, కొలతలన్నీ దాంట్లోనే ఉన్నాయి. గాడి సగమయ్యాక ఫోటో తీసి పంపు.

నీ మామయ్య