వేటకీ పెట్టుబడికీ కలిపి పొలం కొనొచ్చా?

ప్రశ్న: సార్ నమస్తే. మాది ప్రొద్దుటూరు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బద్వేలు దగ్గర లంకమల కింద పది ఎకరాలు బేరానికి వచ్చింది, సగం చేను, సగం కంపచెట్లు. డీకేటీ పట్టా అంట, అందుకే రేటు బాగా తక్కువ. రాత్రయితే అడవిపందులు, కుందేళ్లు దిగుతాయి, మన పొలంలోకి వచ్చినవాటిని మనం కొట్టుకుంటే ఎవరూ అడగరు అని బ్రోకర్ అంటున్నాడు. అమెరికాలో ఉండే మా బావమరిది కూడా అక్కడ జింకల వేటకోసమే పొలాలు కొంటారు, నేనూ సగం డబ్బు పెడతా అంటున్నాడు. శని ఆదివారాలు ఫ్రెండ్స్‌తో వేట, పదేళ్లకి రేటు పెరుగుతుంది. అడ్వాన్స్ ఇచ్చేయమంటారా?

జవాబు: ఇవ్వొద్దు, కనీసం ఇప్పుడే ఇవ్వొద్దు. బ్రోకర్ చెప్పింది శుద్ధ తప్పు. పొలం మీ పేరున ఉన్నంతమాత్రాన అందులోకి వచ్చిన జంతువు మీది అయిపోదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి అడవి అయినా పట్టా చేను అయినా ఒకటే, ఉచ్చు పెట్టినా, నాటుబాంబు పెట్టినా, కరెంటు తీగ లాగినా అది వేట కిందికే వస్తది. అడవిపంది ఇప్పుడు ఆ చట్టంలో రక్షణ ఉన్న జంతువుల జాబితా, అంటే షెడ్యూల్ 2లో ఉంది, దాన్ని కొడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. కృష్ణజింకనో చిరుతనో పడితే అది ఇంకా గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ 1, తక్కువలో తక్కువ మూడేళ్లు, ఏడేళ్ల దాకా వేయొచ్చు. పంటని పందులు నాశనం చేస్తున్నాయి అంటే దానికి దారి ఉంది, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసర్ గానీ రాసి ఆర్డర్ ఇవ్వాలి, అది పంట పోతున్న రైతు కోసం పెట్టింది, వీకెండ్ సరదాకి కాదు. పంట కాపలాకని తుపాకీ లైసెన్స్ ఉన్నా అది వేటకి పర్మిషన్ కాదు. పందుల కోసం లాగిన కరెంటు తీగ తగిలి పక్క చేను రైతు చీకట్లో చచ్చిపోయిన వార్తలు మన జిల్లాల్లో చదువుతూనే ఉన్నాం, ఇది తలుచుకుంటేనే నాకు కడుపు మండుతది.

మీ బావమరిది చెప్పింది అమెరికా వరకు నిజమే, టెక్సాస్ లాంటి చోట్ల సీజన్‌లో పొలాలు వేటకి లీజుకిస్తారు కూడా. కానీ అక్కడ కూడా అడవి జింక పొలం ఓనర్ సొత్తు కాదు, లైసెన్స్ తీసుకోవాలి, సీజన్ చూసుకోవాలి, ఇన్నే కొట్టాలి అని లెక్క ఉంటది. మనకి అసలు ఆ సీజనే లేదు.

ఇంకో మాట, మీరు చెప్పిన ఆ కంపచెట్ల నేల మామూలు నేల కాదు. కలివికోడి అని ఒక పిట్ట, 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిపోయింది అనుకున్నారు, 1986లో ఈ లంకమల వైపే ఒక స్థానిక వేటగాడు రాత్రి టార్చి వెలుగులో పట్టుకుంటే ఇంకా బతికే ఉందని ప్రపంచానికి తెలిసింది. దానికోసమే లంకమల్లేశ్వర శాంక్చురీ (అభయారణ్యం) పెట్టారు. ఆ పిట్ట ఉండేది దట్టమైన అడవిలో కాదు, ఇలాంటి పల్చటి పొదల్లోనే, జేసీబీ పెట్టి చదును చేస్తే దాని ఇల్లు పోయినట్టే. శాంక్చురీ పక్క భూమి అయితే రేపు రిసార్టు, గెస్ట్‌హౌస్ కట్టుకోడానికి కూడా ఆంక్షలు ఉంటాయి, అది బ్రోకర్ మీకు చెప్పి ఉండడు.

ఇక పెట్టుబడి సంగతి. డీకేటీ పట్టా అంటే పేదలకి ప్రభుత్వం సాగుకి ఇచ్చిన అసైన్డ్ భూమి, 1977 చట్టం ప్రకారం అమ్మకం చెల్లదు, కొన్నవాడి దగ్గర్నుంచి వెనక్కి తీసుకోవచ్చు. 2023లో చట్టం మార్చి, పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటితే అసలు పట్టాదారులకి అమ్ముకునే హక్కు (ఫ్రీహోల్డ్) ఇచ్చారు గానీ 2024లో ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. 1954 జూన్ 18కి ముందు ఇచ్చిన పట్టా అయితే వేరే సంగతి, ఆ కాగితం చూపించమనండి. తక్కువ రేటుకి కారణం ఇదే, మీ అదృష్టం కాదు.

బావమరిది డబ్బు అసలు కలపొద్దు. ఎన్నారైలు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకి ఇచ్చే కార్డు) ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా వస్తే పర్వాలేదు. ఆయన డబ్బు పెట్టి మీ పేరున రాయించుకుంటే బినామీ అంటారు, భూమే జప్తు అయిపోవచ్చు.

భూమి మీద మనసు ఉంటే మాత్రం మానుకోమని చెప్పను, మన సీమ పిల్లలు మళ్లీ చేను వైపు చూడటం నాకు నిజంగా సంతోషం. అడవి అంచు వదిలేసి క్లియర్ పట్టా ఉన్న ఐదెకరాలు చూసుకోండి, మున్సిపాలిటీకి జనాభాని బట్టి 2, 6, 8 కిలోమీటర్ల అవతల ఉన్న సాగుభూమి అయితే రేపు అమ్మినప్పుడు లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను కూడా ఉండదు. ప్రభుత్వ మీభూమి వెబ్‌సైట్‌లో 1-బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చెప్పే రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు) చూడండి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో సర్వే నంబర్ ఉందేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి, కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల పత్రం) తీయించండి, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) పట్టుకుని సర్వేయర్‌తో కొలిపించండి, బండిదారి కాగితం మీద ఉందా లేక పక్కోళ్ల గట్టు మీద నడుస్తున్నారా అది కూడా. అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. వానలు పడ్డాక నవంబర్‌లో చూస్తే ప్రతి చేనూ పచ్చగానే ఉంటది, ఏప్రిల్ మే నెలల్లో పోయి బోరు ఆన్ చేయించి ఒక పూటంతా అక్కడే కూర్చుని చూడండి, బ్రోకర్‌ని కాదు పక్క చేను రైతుని అడగండి నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయని.