చివరి మాట వినబడాలి

బిడ్డా,

హనుమకొండ నక్కలగుట్ట కేఫ్‌లో కవిత చదవడానికి ఓపెన్ మైక్‌కు పేరు ఇచ్చానని రాశావు. సంతోషం. పంపిన కవిత రెండుసార్లు చదివాను, బాగుంది. కాకపోతే అది కాగితం మీద బాగుంది. చదివేవాడు అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటాడు. వినేవాడికి ఆ వీలు లేదు.

నీ రెండో చరణంలో ఒకే వాక్యం ఏడు పాదాలు నడిచి, అప్పుడు గానీ క్రియ దగ్గరికి చేరలేదు. అక్కడికి వచ్చేసరికి నీకు ఊపిరి అందదు, గొంతు పడిపోతుంది. తెలుగు వాక్యంలో అసలు సంగతి ఉండేదే చివర్లో. వచ్చాడా, రాలేదా, వస్తే బాగుండేదా అన్నది ఆఖరి రెండు మూడు అక్షరాల్లో తేలుతుంది. మనలో చాలామంది సరిగ్గా అక్కడే గొంతు దించేస్తాం. ఆ వాక్యాన్ని మూడు చేయి, ఒక్కోదానికి దాని క్రియ దానికి ఇవ్వు. ఊపిరి ఎక్కడ తీసుకుంటావో పెన్సిల్‌తో గీత పెట్టుకో. గీత పెట్టడానికి చోటు దొరకని పాదం ఏదైనా ఉంటే తిరగరాయాల్సిందే.

మన జానపద ఒగ్గు కథ ఎప్పుడైనా కుదురుగా కూర్చుని విన్నావా? జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య చెప్పిన కథ ఏదైనా వెతుక్కుని విను. కథకుడు ఒక మాట అనగానే పక్కవాళ్లు 'ఆ' అని అందుకుంటారు, లేకపోతే డోలు మీద దెబ్బ పడుతుంది. ఆ కాసేపట్లో కథకుడు ఊపిరి తీసుకుంటాడు, విన్న మాట జనం లోపలికి దిగుతుంది. నీ పక్కన వంత పాడేవాళ్లు లేరు, డోలూ లేదు. కాబట్టి ఆ ఖాళీ నువ్వే వదలాలి. టెన్షన్‌లో రెండు సెకన్లు ఆగినా ఎంతోసేపు ఆగినట్టు అనిపిస్తుంది. అనిపించనీ.

మన యాసలోనే చదవాలా, దిద్దుకుని చదవాలా అని అడిగావు. ప్రజాకవి కాళోజీ తిరిగిన హనుమకొండలో ఈ ప్రశ్న రావడమే విచిత్రం. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మీ అమ్మతో మాట్లాడే మాటలే కవితలో ఉంటే అలాగే చదువు, ఎవరి కోసమూ దిద్దకు. కానీ చప్పట్ల కోసం యాసను వేషంలా వేసుకునేవాళ్లను ఈ మధ్య చాలామందిని చూస్తున్నా. 'గట్లనా', 'గిట్లనా' అనగానే హాలంతా నవ్వుతుంది, కవిత అక్కడితో అయిపోతుంది. నాకైతే నచ్చదు.

ఉగాది కవి సమ్మేళనాల్లో చదివినట్టు కేఫ్‌లో చదివితే కుదరదు. సమ్మేళనంలో వినేవాళ్లలో సగం మంది కవులే, తమ వంతు ఎప్పుడా అని చూస్తుంటారు. అధ్యక్షుల వారి ఉపన్యాసం, శాలువాలు అయ్యాక నీకు మిగిలేది మూడు నిమిషాలు. కేఫ్‌లో కాఫీ మెషీన్ మోగుతుంది, ఎవరో బిల్లు అడుగుతారు. అయినా అక్కడ కవిత్వం కోసమే వచ్చిన కుర్రకారు ఉంటారు. మెషీన్ మోగితే గొంతు పెంచకు. ఆగి, అదే పాదం మళ్లీ అందుకో. మన దగ్గర పాదం తిప్పి చదవడం ఎలాగూ అలవాటే.

మైక్ నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. ఎదురుగా పెట్టుకుంటే ప, భ వచ్చినప్పుడల్లా ఫట్‌మంటుంది. ఫోన్ చూసి చదవకు, సరిగ్గా మంచి పాదం దగ్గరే కాల్ వస్తుంది. కాగితం అయితే కింద అట్ట పెట్టుకో, చేయి వణికినా కనబడదు. 'ఈ కవిత ఎందుకు రాశానంటే' అని మొదలుపెట్టకు. పేరు చెప్పు, కవిత చదువు, దిగు.

ఆదివారం నేనూ వస్తున్నా. వెనక గోడ దగ్గర కూర్చుంటా. వాక్యం చివర వినబడకపోతే చేయి ఎత్తుతా, చూసుకో.

ఉంటాను.