వాక్యంలో పని ఎవరు చేస్తున్నారు?

చిరంజీవికి ఆశీస్సులు.

వ్యాసం చదివాను. భాష బాగుంది. నాలుగో పేరాలో "ఊబకాయం వల్ల ఇమ్యూనిటీ తగ్గి ఒంట్లో వాపు పెరుగుతుంది" అన్నావు చూడు, అక్కడ చిరాకేసింది. ఎక్కడ తగ్గింది? ఎవరు పెంచారు? సైన్సు రాసేటప్పుడు ప్రతి క్రియకూ కర్త కనబడాలి. ఈ విషయంలో నేను మొండివాణ్ణి.

వరసగా చూడు. మిగులు కొవ్వు నింపుకుంటూ కొవ్వు కణం ఉబ్బుతుంది. ఉబ్బినవాటిలో కొన్ని చస్తాయి. చచ్చిన కణం చుట్టూ మాక్రోఫేజ్‌లు (చెత్తను మింగే రోగనిరోధక కణాలు) వలయంగా చేరి, మిగిలిన కొవ్వు బొట్టును మింగుతాయి. సన్నగా ఉన్నవాళ్ల కొవ్వు కణజాలంలోని కణాల్లో ఇవి 10 శాతం లోపు, ఊబకాయుల్లో 40కి దగ్గర అని 2003 నాటి అంచనా. ఇవి వదిలే టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే వాపు (ఇన్‌ఫ్లమేషన్) రేపే ప్రొటీన్, పక్క కణాల్లో ఇన్సులిన్ కబురు మోసే ఐఆర్ఎస్-1 అనే ప్రొటీన్‌పై సెరీన్ అనే అమైనో ఆమ్లం దగ్గర ఫాస్ఫేటు చేరేలా చేస్తుంది. దాంతో ఇన్సులిన్ కబురు లోపలికి అందదు. కొవ్వు కణం ఫ్యాటీ ఆసిడ్లను పట్టి ఉంచలేక రక్తంలోకి వదిలేస్తుంది, అవి కాలేయానికి చేరతాయి.

లావెక్కిన ఎలుకల కొవ్వులో టీఎన్ఎఫ్ దొరికింది 1993లో. దాన్ని వదులుతున్నది ఎక్కువగా మాక్రోఫేజ్‌లేనని తేలడానికి ఇంకో పదేళ్లు పట్టింది. ఆ పదేళ్ల వెతుకులాటంతా కర్త కోసమే. అలాగని టీఎన్ఎఫ్ ఒక్కదాన్నే ముద్దాయిని చేయకు. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందు షుగరు రోగులకు ఇచ్చి చూస్తే ఇన్సులిన్ పనితీరు మెరుగుపడలేదు.

"తగ్గి" అన్న మాటా కుదరదు. కొవ్వులో అతిగా రెచ్చిపోయిన రోగనిరోధక వ్యవస్థే వైరస్ ముందు చతికిలబడుతుంది. 2009 స్వైన్‌ఫ్లూలో ఊబకాయులకు జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువని కనబడింది. ఈ రెండూ ఒకే వాక్యంలో కుక్కితే పాఠకుడికి ఏదీ మిగలదు.

ఊబకాయానికి బీఎమ్ఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 30 అనే గీత మనవాళ్లకు వాడకు, 25 చాలు. నడుము కొలత తప్పక రాయి: చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక టేపు పెట్టాలి. మగవాళ్లకు 90 సెం.మీ., ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త.

ఎడిటర్లు అడుగున "ఇమ్యూనిటీ పెంచే పది ఆహారాలు" అని బాక్సు కట్టమంటారు. వాళ్లకు ఖాళీ కనిపిస్తే పసుపు, అల్లం పోస్తారు. ఒప్పుకోకు.

కలం పేరు, పారితోషికం సంగతి తర్వాత. ముందు నాలుగో పేరా తిరగరాసి పంపు.