ఐదడుగుల చెక్క మీద బొగ్గు సైడింగ్: తక్కువ ఖర్చుతో మోడల్ రైల్వే

అద్దె ఇల్లు, నెలకు వెయ్యి రూపాయలకు మించి పెట్టలేను, అయినా నిజంగా నడిచే మోడల్ రైలు కావాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. ఆరేళ్ల క్రితం నాది అచ్చం ఇదే పరిస్థితి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా పొడవాటి ఎక్స్‌ప్రెస్ మీద ఆశ వదులుకోండి. ఇది చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. కానీ లెక్క చూడండి. ఇప్పటి ఎల్‌హెచ్‌బీ పెట్టె ఒక్కోటి సుమారు 24 మీటర్లు. హెచ్‌ఓ స్కేలులో, అంటే 87వ వంతుకు తగ్గిస్తే 27 సెంటీమీటర్ల పైమాటే. 22 పెట్టెలు, ఒక ఇంజన్ కలిస్తే ఆరు మీటర్లు దాటుతుంది. మన ఇళ్లలో అంత గోడ కూడా ఉండదు. పోనీ నాలుగు పెట్టెలతో గుండ్రంగా తిప్పుదామా అంటే, పట్టాలకూ చెక్కకూ బోలెడు ఖర్చవుతుంది, పదో చుట్టుకల్లా చూడటానికి కొత్త ఏమీ ఉండదు.

నేను మొదట చేసిన తప్పు బొమ్మల దుకాణంలో బ్యాటరీ రైలు సెట్టు కొనడం. దాని పట్టాలు ఉత్త ప్లాస్టిక్కు, ఇంజన్‌కు ఉన్నది ఒకటే వేగం. ఆ పట్టాల వెడల్పు మరే కంపెనీ సరుకుకూ సరిపడలేదు. రెండు వారాలకే అది అటకెక్కింది. పోయిన డబ్బు కన్నా, దానికి ఏదీ జోడించే దారి లేదని తెలిసినప్పుడే ఎక్కువ బాధేసింది.

దారి చూపించింది మా నాన్నగారు. ఆయన డోర్నకల్‌లో గూడ్సు గార్డుగా పనిచేశారు. కొత్తగూడెం వైపు నుంచి వచ్చే బొగ్గు రైళ్ల మధ్యే ఆయన ఉద్యోగమంతా గడిచింది. "రైలు పరుగెత్తడం ఎవరైనా చూస్తారు, వ్యాగన్లు విడదీసి కలపడంలోనే అసలు పని ఉంది" అన్నారు. ఆ మాట పట్టుకుని వెతికితే ఇంగిల్‌నుక్ సైడింగ్స్ కనిపించింది. సైడింగ్ అంటే వ్యాగన్లు నిలిపే పక్క లైను. బ్రిటన్‌లో అలన్ రైట్ అనే మోడలర్ రూపొందించిన షంటింగ్ చిక్కుముడి ఇది, అంటే వ్యాగన్లను విడదీసి, కలిపి, కోరిన వరుసలో పెట్టే ఆట. కావలసినవి రెండు పాయింట్లు (రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాల ముక్కలు), మూడు లైన్లు, ఒక ఇంజన్, ఎనిమిది వ్యాగన్లు. ఒక లైనులో ఐదు వ్యాగన్లు, మిగతా రెండింటిలో మూడేసి పడతాయి. ఇంజన్ వెనక్కీ ముందుకీ జరిగే ముక్కలో ఇంజన్‌తో పాటు మూడే పడతాయి. చీటీలు తీసి, వచ్చిన ఐదు వ్యాగన్లను అదే వరుసలో పొడవాటి లైను మీద నిలబెట్టాలి. అలాంటి వరుసలు 6,720 ఉన్నాయి కనుక ఆట అంత తొందరగా పాతబడదు. ఐదు వ్యాగన్లతో 3-2-2గా కుదించిన చిన్న రూపం కూడా ఉంది. నేను దానితోనే మొదలుపెట్టాను. తర్వాత పెద్దదానికి మారినా అడుగు వెడల్పు, ఐదడుగుల పొడవున్న ప్లైవుడ్ ముక్క సరిపోయింది. ఆట అయ్యాక అది మంచం కిందికి వెళ్లిపోతుంది.

ఖర్చు విషయంలో నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: కరెంటు నడిచే వస్తువులు మంచివి కొనాలి, కంటికి కనిపించేవన్నీ చేత్తో చేసుకోవాలి. అంటే డబ్బు ఇంజన్‌కు, పట్టాలకు, పాయింట్లకు మాత్రమే. మోడల్ రైళ్లు చేసే హార్న్‌బీ కంపెనీ వారి నాలుగు చక్రాల చిన్న ఇంజన్లు వాడినవి దొరికితే తీసుకోండి. అవి 76వ వంతు స్కేలువి, అయినా పట్టాల మధ్య వెడల్పు హెచ్‌ఓలో లాగే 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు కాబట్టి 87వ వంతు లెక్కన 19కి పైగా రావాలి. ఆ తేడా గురించి మథనపడకండి, వ్యాగన్లు నిలబడ్డాక కన్ను అటు పోదు. ఎన్ స్కేలు ఇంకా చిన్నది, 9 మిల్లీమీటర్ల పట్టాలు. కానీ అంత చిన్న వ్యాగన్లు చేత్తో చేయడం కళ్లకు శ్రమ.

పట్టాలు నికెల్ సిల్వర్‌వే కొనండి. పేరులో వెండి ఉన్నా అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. ఉక్కు పట్టాలు మన తేమకు తుప్పు పడతాయి. పాయింట్ల దగ్గర మాత్రం పొదుపు చేయకండి. నా మొదటి పాయింటులో పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట ప్లాస్టిక్ ముక్క ఉండేది. నెమ్మదిగా వెళ్లే చిన్న ఇంజన్ ప్రతిసారీ సరిగ్గా దాని మీదే ఆగిపోయేది. వేలితో కాస్త నెడితే ఒక్క గెంతు గెంతి కదిలేది. వారం రోజులు ఇంజన్‌దే లోపం అనుకున్నాను. ఆ చోట కూడా లోహమే ఉండి కరెంటు అందే పాయింటు వేశాక, ఇంజన్ నత్తలా పాకుతూ ఎక్కడా ఆగకుండా దాటింది. నాన్నగారు కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నది ఆ రోజే.

విదేశాల నుంచి తెప్పించే ముందు మొత్తం ఎంత పడుతుందో అడిగి తెలుసుకోండి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది.

కంట్రోలర్ కొననక్కర్లేదు. మూలన పడిన వైఫై రూటర్ అడాప్టర్ మీద 12 వోల్టుల డీసీ అని ఉంటే అది చాలు. మోటారు వేగం మార్చే చిన్న పీడబ్ల్యూఎం బోర్డు, దిశ మార్చడానికి ఒక డీపీడీటీ స్విచ్చు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతాయి. అడాప్టర్‌ను మాత్రం విప్పకండి.

ఇక చేతిపని. ఇందులో నాకు దొరికిన ఆనందం ఇంకెందులోనూ దొరకలేదు. వ్యాగన్ గోడలకు పెళ్లి శుభలేఖల అట్టను మించింది లేదు, గట్టిగా ఉంటుంది, బ్లేడుతో నున్నగా తెగుతుంది. చక్రాలు, వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే కప్లింగులు మాత్రం విడిగా కొన్నాను. పట్టాల మధ్య కంకరకు రాతిపొడిని టీ వడకట్టుతో జల్లించి పోశాను. పోసే ముందు దానిలో అయస్కాంతం తిప్పడం మరవకండి. ఇనుప రజను ఉంటే ఇంజన్ మోటారు లాగేసుకుంటుంది. తర్వాత ఫెవికాల్‌లో సగం నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం కలిపి డ్రాపర్‌తో వదిలితే రాత్రికి రాత్రి బిగుసుకుంటుంది. ఎండుగడ్డికి కొబ్బరి పీచు, కంచెకు చీపురు పుల్లలు వాడాను. వ్యాగన్లలో బొగ్గు మా వీధి ఇస్త్రీ బండి దగ్గర అడిగి తెచ్చుకున్న నలుసులు. నాన్నగారు ఒక నలుసు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది కట్టె బొగ్గురా, సింగరేణిది ఇంకా మెరుస్తుంది" అన్నారు. అప్పుడు పైన పల్చగా వార్నిష్ పూశాను.

ఈ నెల మాత్రం ఏమీ కొనకండి. మోడల్ పట్టాలు తయారుచేసే పెకో కంపెనీ తన పాయింట్ల అసలు సైజు నమూనాలను ఉచితంగానే ఇస్తుంది. వాటిని జిరాక్స్ షాపులో సైజు తగ్గించకుండా ప్రింటు తీయించి, పాత క్యాలెండర్ల వెనక వైపు అంటించి, మూడు లైన్లు గీయండి. రెండేసి అగ్గిపెట్టెలు కలిపి అంటిస్తే దాదాపు ఒక నాలుగు చక్రాల వ్యాగన్ పొడవు వస్తుంది. వాటి మీద అంకెలు వేసి, చీటీలు తీసి, వారం రోజులు చేత్తో జరుపుతూ ఆడండి. ఎనిమిదో రోజు కూడా మళ్లీ చీటీ తీయాలనిపిస్తే, అప్పుడు ఇంజన్ కోసం డబ్బు దాచడం మొదలుపెట్టండి.