జనగణన పుస్తకంలో కనిపించే మన ఊరి జనాభా, బస్సు వివరాలు ఎంతవరకు సరైనవి?

మక్తల్ దగ్గర ఉన్న మీ అమ్మమ్మగారి ఊరికి 2011 జనగణనలో చూపిన జనాభా ఓటర్ల జాబితాతో పొసగడం లేదనీ, రవాణా గడుల్లో ఉత్త అక్షరాలే ఉన్నాయనీ, వీటిని నమ్మవచ్చా అనీ అడిగారు. మాది కూడా మక్తల్ మండలమే కనుక తెలిసినంత వరకు చెబుతాను.

ఆ లెక్క తప్పు కాదు, కాని అది ఫిబ్రవరి లెక్క. 2011లో లెక్కింపు ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. ఆ రోజుల్లో కొంతకాలమైనా ఇంట్లో ఉన్నవారిని, లేదా 28లోగా తిరిగి వస్తారనుకున్నవారిని మాత్రమే ఆ ఇంటి మనుషులుగా రాసుకోవాలన్నది నియమం. పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లో అది వలసల కాలం. వానాకాలం పంట ఇంటికి చేరగానే, కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న కుటుంబాలు మట్టి పనికీ, కట్టడాల పనికీ పుణె, బొంబాయి, బెంగళూరు వెళ్లిపోతాయి. తొలకరికి గాని తిరిగి రావు. ఆ ఫిబ్రవరిలో నేను నాయనమ్మ దగ్గర ఉండి చదువుకుంటున్నాను. లెక్క రాయడానికి వచ్చిన సారుకు ఆమె పుణెలో ఉన్న మా అమ్మానాన్నల పేర్లు, చిన్నాయన పేరు కూడా చెప్పింది. నెలాఖరులోగా వస్తారా అని ఆయన అడిగారు. రారని చెప్పడంతో ఆ ముగ్గురినీ రాసుకోలేదు. నియమం ప్రకారం వారిని పుణెలోనే లెక్కించాలని ఆయన ఓపికగా వివరించినా, "ఇల్లు ఈడ్నే, చేను ఈడ్నే, మరి మనుషులు ఈడోళ్లు కారా సారూ" అని నాయనమ్మ అడిగిన మాట నాకిప్పటికీ బాధగానే గుర్తుంది. ఓటు మాత్రం ఊళ్లోనే ఉంటుంది, సర్పంచ్ ఎన్నికలకు అందరూ వస్తారు. మీరు చూసిన తేడాకు ముఖ్య కారణం ఇదే అయి ఉండవచ్చు.

ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. జనగణనలో ఊరు అంటే రెవెన్యూ గ్రామం, తండాలు కూడా అందులోనే కలిసి ఉంటాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు వేరు పంచాయతీలయ్యాయి కనుక నేటి పంచాయతీ ఓటర్లను నాటి గ్రామ జనాభాతో నేరుగా పోల్చకూడదు. ఇప్పుడు మక్తల్ ఉన్న నారాయణపేట జిల్లా 2019 ఫిబ్రవరిలో ఏర్పడింది. అందుకే పాత వివరాలన్నీ మహబూబ్‌నగర్ జిల్లా జనగణన పుస్తకంలోనే దొరుకుతాయి.

ఇక ఆ అక్షరాల సంగతి. ఊళ్లో లేని సౌకర్యం 5 కిలోమీటర్లలోపు దొరికితే ఎ, 5 నుంచి 10 లోపు అయితే బి, అంతకు మించితే సి అని గుర్తు. బస్సు ఉందన్న ఒక్క మాట అది ఎన్నిసార్లు వస్తుందో చెప్పదు. మా ఊరికి అప్పట్లో ఒకే నైట్ హాల్ట్ బస్సు ఉండేది. తెల్లవారుజామున అది వెళ్లిపోయాక, మక్తల్ కాలేజీకి వెళ్లే మేము 167వ నంబరు జాతీయ రహదారి దాకా నడిచి, రాయచూరు నుంచి వచ్చే బస్సునో జీపునో ఎక్కేవాళ్లం. అయినా పుస్తకంలో మా ఊరు బస్సు ఉన్న ఊరే.

రైలు వివరం పూర్తిగా పాతబడింది. పుణె వెళ్లే మావాళ్లు మూటాముల్లెతో నది ఒడ్డున ఉన్న కృష్ణా స్టేషను దాకా వెళ్లి రైలెక్కేవారు. 2023 అక్టోబరు 1న జక్లేరు, కృష్ణా మధ్య 37 కిలోమీటర్ల కొత్త మార్గం ప్రారంభమై, కాచిగూడ నుంచి రాయచూరుకు రైలు మక్తల్ మీదుగా నడుస్తోంది. 2011లో సి పడిన ఊళ్లలో కొన్నింటికి నేడు ఎ పడుతుంది.

అందువల్ల మీరు రాసే వివరాల్లో జనాభా పక్కన 2011 ఫిబ్రవరి అని తప్పక చేర్చండి. బస్సు వేళలను ఊళ్లో కాలేజీకి వెళ్లే పిల్లలను అడిగి రాసుకోండి. రాబోయే లెక్కింపు కూడా 2027 ఫిబ్రవరిలోనే జరగనుంది. మీ బంధువుల్లో వలస వెళ్లేవారుంటే, పని చేసే చోటనే తమ పేర్లు తప్పక రాయించుకోమని ఇప్పటి నుంచే చెప్పండి.